రౌటర్‌లో డీఎన్ఎస్ చిక్కు: ఎక్కడ తెగిందో పట్టుకునే పద్ధతి

వైఫై గుర్తు నిండుగా ఉంది. రౌటర్ మీద లైట్లన్నీ వెలుగుతున్నాయి. అప్పటికే తెరిచి ఉన్న వీడియో ఆగకుండా నడుస్తోంది. కానీ కొత్తగా ఏ సైటు తెరవబోయినా సర్వర్ కనబడలేదనే జవాబే వస్తోంది. ఇంట్లో ఇంటర్నెట్ ఇలా సగం చచ్చి సగం బతికి ఉందంటే ముందుగా అనుమానించాల్సింది సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌నే.

అనుమానించడం వరకే. చాలామంది ఇక్కడి నుంచి నేరుగా రౌటర్ సెట్టింగులలోకి దూకి, ఎవరో చెప్పిన గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ చిరునామా 8.8.8.8 పెట్టేసి, రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తారు. ఒక్కోసారి బాగవుతుంది కూడా. అయితే బాగుచేసింది కొత్త అంకెలా, ఆపి మళ్లీ వేయడమా అన్నది తేలదు. వారం తర్వాత మళ్లీ అదే చెడితే కథ మొదటికి వస్తుంది.

డీఎన్ఎస్ చిక్కు ఏదైనా మూడు ప్రశ్నలతో విప్పవచ్చు. ఈ పరికరం ఎవరిని అడుగుతోంది? అడిగినవాళ్లు బదులిస్తున్నారా? ఆ బదులు సరైనదేనా? వీటిలో మొదటిదాన్నే అందరూ దాటవేస్తారు. నిజానికి సగం చిక్కులు అక్కడే ఉంటాయి. మనం రౌటర్‌లో ఎంతో శ్రద్ధగా పెట్టిన సర్వర్‌ను మన ఫోను అసలు అడగనే అడగదు.

ప్రశ్న ఏ దారిన పోతుంది

సైటు పేరు ఇస్తే దాని అంకెల చిరునామా చెప్పేది డీఎన్ఎస్. పాల్ మొకాపెట్రిస్ 1983లో దీన్ని రూపొందించారు. అంతకుముందు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి, అందరూ దాన్ని ఎప్పటికప్పుడు దించుకునేవారు. ఆ ఫైలు వారసుడు 'హోస్ట్స్' అనే పేరుతో ఇప్పటికీ మన కంప్యూటర్లలో ఉంది. దాని సంగతి కాసేపట్లో అవసరమవుతుంది.

మీరు బ్రౌజర్‌లో ఒక పేరు కొట్టగానే బ్రౌజర్ ముందు తన దగ్గర దాచుకున్న జవాబులు చూసుకుంటుంది. లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అది హోస్ట్స్ ఫైలునూ, తాను దాచుకున్న జవాబులనూ చూసి, అక్కడా లేకపోతే నెట్‌వర్క్‌లో తనకు చెప్పిన డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. ఇళ్లలో ఆ సర్వర్ సాధారణంగా రౌటరే. రౌటర్‌కు సొంతంగా ఏమీ తెలియదు. ప్రశ్నను ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ సర్వర్‌కో, మీరు చెప్పిన మరో సర్వర్‌కో పంపి, వచ్చిన జవాబును మీకు అందిస్తుంది, కొంతకాలం తన దగ్గరా దాచుకుంటుంది.

అంటే రౌటర్‌కు రెండు పాత్రలున్నాయి. తాను ఎవరిని అడగాలన్నది ఒకటి, ఇంట్లోని పరికరాలకు ఎవరిని అడగమని చెప్పాలన్నది మరొకటి. ఈ రెండూ సెట్టింగుల పేజీలో రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒకటి మార్చి రెండోది మారిందనుకోవడంతోనే చాలా గందరగోళం మొదలవుతుంది.

మొదటి అడుగు: నిజంగా డీఎన్ఎస్సేనా?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, మ్యాక్‌లో టెర్మినల్ తెరవండి. కింద చెప్పే ఆదేశాలన్నీ ఇంగ్లిష్ అక్షరాలలోనే కొట్టాలి. ముందు 'పింగ్' (ping, అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే ఆదేశం) అని కొట్టి, ఖాళీ వదిలి, 8.8.8.8 ఇవ్వండి. తర్వాత అదే పింగ్‌ను ఏదైనా సైటు పేరుతో ఇవ్వండి. పరీక్షలకు 'ఎగ్జాంపుల్.కామ్' (example.com) బాగా పనికొస్తుంది, అది ఇలాంటి అవసరాలకే కేటాయించిన పేరు.

అంకెలకు బదులు వచ్చి, పేరు ఇస్తే ఆ పేరుగల కంప్యూటర్ దొరకలేదంటే తప్పు డీఎన్ఎస్‌దే. రెండూ విఫలమైతే లైనే లేదు, ఈ వ్యాసం పక్కన పెట్టి కేబులు చూడండి. రెండూ పనిచేస్తున్నా బ్రౌజర్‌లో సైటు రాకపోతే తప్పు ఆ సైటుదో, బ్రౌజర్‌దో. పింగ్‌కు క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్ఎస్ చిరునామా 1.1.1.1 వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కొన్ని పాత రౌటర్లు, నెట్‌వర్క్ పరికరాలు ఆ చిరునామాను తమ లోపలి పనులకు సొంతం చేసుకున్నాయి. అలాంటి చోట అది బయటికి వెళ్లదు, లేదా బదులిచ్చేది ఆ పరికరమే అవుతుంది. అందుకే 8.8.8.8తో కూడా సరిచూసుకోండి.

రెండో అడుగు: ఒక్క పరికరమా, ఇల్లంతానా?

ఈ ఒక్క ప్రశ్న గంట పని మిగులుస్తుంది. ఒక ఫోనులోనో, ఒక ల్యాప్‌టాప్‌లోనో మాత్రమే ఇబ్బంది ఉండి మిగతావన్నీ బాగుంటే రౌటర్ జోలికి పోవద్దు. ఆ పరికరంలోనే ఎవరో, ఎప్పుడో రౌటర్ మాట వినవద్దని చెప్పి ఉంటారు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో మొదటి అనుమానితుడు 'ప్రైవేట్ డీఎన్ఎస్'. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న సెట్టింగు ఇది, నెట్‌వర్క్ సెట్టింగులలో కనబడుతుంది. ఇందులో మూడు ఎంపికలుంటాయి: ఆఫ్, ఆటోమేటిక్, ఏదైనా సంస్థ సర్వర్ పేరు. ఆటోమేటిక్‌లో ఉన్నప్పుడు ఫోను రహస్య సంకేతాలలో అడగడానికి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మామూలు పద్ధతికి దిగివస్తుంది. పేరు రాసి పెట్టినప్పుడు మాత్రం అలా దిగిరాదు. ఆ సర్వర్ అందకపోతే ఇంటర్నెట్ లేదని చేతులెత్తేస్తుంది. ప్రకటనలు రాకుండా ఉంటాయని ఎప్పుడో రాసుకుని మరిచిపోయిన ఒక పేరు, ఆ సేవ ఆగిపోయిన రోజున ఫోను మొత్తాన్ని పడుకోబెడుతుంది. ఆఫ్ చేసి చూడండి. నెట్ వెంటనే వస్తే దొంగ దొరికినట్టే.

ఐఫోనులో వైఫై పేరు పక్కన ఉన్న 'ఐ' గుర్తు నొక్కితే 'కాన్ఫిగర్ డీఎన్ఎస్' కనబడుతుంది. అది ఆటోమేటిక్‌లో ఉండాలి. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగులలో డీఎన్ఎస్‌ను చేత్తో రాసి పెట్టారేమో చూడండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ 'సెక్యూర్ డీఎన్ఎస్' లాంటి సెట్టింగు ఉంటుంది. అది నడుస్తుంటే బ్రౌజర్ ఒక్కటే వేరే సర్వర్‌ను అడుగుతుంది. బ్రౌజర్‌లో రాని సైటు మిగతా యాప్‌లలో వస్తున్నా, యాప్‌లలో రానిది బ్రౌజర్‌లో వస్తున్నా కారణం ఎక్కువగా ఇదే. వీపీఎన్ ఉంటే దాన్నీ ఆపి చూడండి, అది నడుస్తున్నంతసేపు మీ రౌటర్ డీఎన్ఎస్‌కు సాధారణంగా పని ఉండదు.

ఇల్లంతా ఇదే తీరుగా ఉంటే ముందుకు వెళ్దాం.

మూడో అడుగు: ఎవరిని అడుగుతున్నారో కళ్లారా చూడండి

విండోస్‌లో 'ఐపీకాన్ఫిగ్' అని కొట్టి, ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీతతో 'ఆల్' అని ఇవ్వండి (ipconfig /all). పొడుగాటి జాబితా వస్తుంది. అందులో మీ వైఫై అడాప్టర్ భాగంలో మూడు వరుసలు చాలు: డిఫాల్ట్ గేట్‌వే (ఇంటి నుంచి బయటికి పోయే దారి), డీహెచ్‌సీపీ సర్వర్ (పరికరాలకు చిరునామాలు పంచేది), డీఎన్ఎస్ సర్వర్లు. మామూలు ఇంట్లో మూడింటిలోనూ ఒకే చిరునామా ఉంటుంది, 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటిది. అది మీ రౌటర్.

డీహెచ్‌సీపీ సర్వర్ వేరుగా, గేట్‌వే వేరుగా కనబడితే ఆగి ఆలోచించండి. ఇంటర్నెట్ సంస్థ పెట్టిన పెట్టె ఒకటి, మీరు కొన్న రౌటర్ మరొకటి ఉన్న ఇళ్లలో రెండూ చిరునామాలు పంచుతూ ఉండే అవకాశం ఉంది. అప్పుడు పొద్దున ఒక సర్వర్, సాయంత్రం మరో సర్వర్ కనబడతాయి. ఈ పని ఏదో ఒకటే చేయాలి. రెండోదాన్ని వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టడమో, దానిలో డీహెచ్‌సీపీ ఆపేయడమో చేయండి.

ఇప్పుడు అసలు పనిముట్టు 'ఎన్ఎస్‌లుకప్' (nslookup). విండోస్, మ్యాక్ రెండింటిలోనూ ఉంటుంది. ఎన్ఎస్‌లుకప్, ఖాళీ, ఎగ్జాంపుల్.కామ్ అని కొట్టండి. విండోస్‌లో మొదటి వరుసలో సర్వర్ పేరు 'అన్‌నోన్' అని కనబడి చాలామందిని భయపెడుతుంది. భయం అక్కర్లేదు. ఆ సర్వర్ అంకెలకు ఒక పేరు రాసి లేదని మాత్రమే దాని అర్థం. రెండో వరుసలోని చిరునామా ముఖ్యం, మీ ప్రశ్న వెళ్లింది అక్కడికే. దాని కింద 'నాన్ అథారిటేటివ్ ఆన్సర్' అని ఉంటుంది. అదీ తప్పు కాదు. జవాబు చెప్పింది ఆ సైటు అసలు సర్వర్ కాదు, మధ్యలో ఉన్న సర్వర్ అని మర్యాదగా చెబుతోంది, అంతే.

ఇంకో సంగతి. ఎన్ఎస్‌లుకప్ నేరుగా సర్వర్‌నే అడుగుతుంది. హోస్ట్స్ ఫైలునూ, విండోస్ దాచుకున్న జవాబులనూ చూడదు. కాబట్టి ఎన్ఎస్‌లుకప్‌లో చక్కగా వచ్చే పేరు బ్రౌజర్‌లో రాకపోతే తప్పు దాచుకున్న పాత జవాబులోనో, హోస్ట్స్ ఫైలులోనో ఉంది. విండోస్‌లో ఆ ఫైలు సిస్టమ్32 లోపలి డ్రైవర్స్, దాని లోపలి ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత ఆఫీసు పనికోసం అందులో చేర్చిన ఒక వరుస ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది.

నాలుగో అడుగు: గొలుసులో ఏ లంకె తెగింది?

ఎన్ఎస్‌లుకప్‌కు ఒక సౌకర్యం ఉంది. సైటు పేరు తర్వాత ఖాళీ వదిలి ఒక సర్వర్ చిరునామా ఇస్తే, మామూలు సర్వర్‌ను వదిలి దాన్నే అడుగుతుంది. దీనితో గొలుసును ఒక్కొక్క లంకెగా పరీక్షించవచ్చు.

ముందు మీ రౌటర్‌నే అడగండి: ఎన్ఎస్‌లుకప్ ఎగ్జాంపుల్.కామ్ 192.168.1.1, చివర మీ రౌటర్ చిరునామా. తర్వాత రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (WAN, బయటి లైను) లేదా ఇంటర్నెట్ అన్న భాగం కింద రాసి ఉన్న డీఎన్ఎస్ సర్వర్‌ను నేరుగా అడగండి. రౌటర్ ఆ సర్వర్‌నే అడుగుతోంది. చివరిగా 8.8.8.8ను అడగండి.

రౌటర్ బదులివ్వక, స్టేటస్ పేజీలో ఉన్న సర్వర్ బదులిస్తే జబ్బు రౌటర్‌లోనే ఉంది. ప్రశ్నలను అటూఇటూ చేరవేసే చిన్న ప్రోగ్రాం లోపల మొరాయించింది. రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే లేస్తుంది. పదేపదే అలాగే అయితే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయాలి, అదీ కుదరకపోతే డీహెచ్‌సీపీ ద్వారా పరికరాలకు నేరుగా బయటి సర్వర్ చిరునామాలే ఇవ్వాలి. రౌటర్, ఆ సర్వర్ రెండూ మౌనంగా ఉండి 8.8.8.8 బదులిస్తే ఇంటర్నెట్ సంస్థ సర్వర్ పడుకుంది. రౌటర్‌లో వ్యాన్ డీఎన్ఎస్ మార్చడం అప్పుడు సరైన మందు. మూడూ మౌనంగా ఉండి, అంకెల పింగ్ మాత్రం పనిచేస్తుంటే 53వ పోర్టును ఎక్కడో ఆపుతున్నారు. పోర్టు అంటే ఒక్కో రకం రాకపోకలకు కేటాయించిన తలుపు సంఖ్య, డీఎన్ఎస్ ప్రశ్నలు మామూలుగా వెళ్లేది ఈ పోర్టులోనే. రౌటర్ ఫైర్‌వాల్, పేరెంటల్ కంట్రోల్ చూడండి, కంప్యూటర్‌లోని యాంటీవైరస్‌ను కూడా.

బదులు రాకపోవడం వేరు, కాదని బదులు రావడం వేరు. 'టైమ్డ్ అవుట్' అంటే ఎవరూ పలకలేదు. 'నాన్ ఎగ్జిస్టెంట్ డొమైన్' అంటే సర్వర్ పలికింది, అలాంటి పేరు లేదంటోంది. ముందు మీరు పేరు సరిగా కొట్టారో లేదో చూసుకోండి. 8.8.8.8 ఉందని చెప్పే పేరును మీ సర్వర్ లేదంటే అది వడపోత కావచ్చు, లేదా ఆ పేరు పుట్టకముందు లేదని దాచుకున్న పాత జవాబు కావచ్చు. లేదన్న జవాబులను కూడా సర్వర్లు కొంతకాలం దాచుకుంటాయి. 'సర్వర్ ఫెయిల్డ్' అంటే సర్వర్ ప్రయత్నించి ఓడిపోయింది. ఒకే సైటుకు అలా వస్తుంటే తప్పు చాలావరకు ఆ సైటు వాళ్లదే, ఉదాహరణకు జవాబు అసలైనదేనని రుజువు చేసే వాళ్ల డీఎన్ఎస్‌సెక్ సంతకాలు గడువు దాటి ఉండవచ్చు. మీరు చేయగలిగిందేమీ ఉండదు. 'క్వెరీ రెఫ్యూజ్డ్' అంటే ఆ సర్వర్ మీకు సేవ చేయనంటోంది. ఇంటర్నెట్ సంస్థ మార్చిన తర్వాత పాత సంస్థ సర్వర్ చిరునామా రౌటర్‌లో మిగిలిపోయిన ఇళ్లలో ఇది కనబడుతుంది.

అయిదో అడుగు: రౌటర్‌లోకి వెళ్లి మార్చడం

బ్రౌజర్‌లో గేట్‌వే చిరునామా కొట్టి లోపలికి వెళ్లండి. ఏదైనా మార్చేముందు ఇప్పుడున్న పేజీలను ఫోనుతో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా వ్యాన్ పేజీ. అక్కడ ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన యూజర్ పేరు, వీల్యాన్ నంబరు లాంటివి ఉంటాయి. డీఎన్ఎస్ మార్చబోయి వాటిని చెరిపేస్తే అసలు లైనే పోతుంది.

వ్యాన్ పేజీలో డీఎన్ఎస్ అన్నచోట ఆటోమేటిక్ అని ఉన్నదాన్ని మాన్యువల్ చేసి రెండు చిరునామాలు రాయండి. గూగుల్ వాళ్లవి 8.8.8.8, 8.8.4.4, ఇవి 2009 నుంచి ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ 2018లో తెచ్చినవి 1.1.1.1, 1.0.0.1. క్వాడ్9 వాళ్లవి 9.9.9.9, 149.112.112.112, ఇవి హానికరమని తెలిసిన సైట్లను ఆపుతాయి. పిల్లలున్న ఇంట్లో పెద్దల సైట్లు కూడా రాకూడదంటే క్లౌడ్‌ఫ్లేర్‌లోనే 1.1.1.3, 1.0.0.3 వాడవచ్చు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. రెండో గడిలో రాసే చిరునామా, మొదటిది చచ్చినప్పుడే పనికొచ్చేది కాదు. చాలా రౌటర్లు, పరికరాలు రెండింటినీ ఇష్టమొచ్చినట్టు వాడుకుంటాయి. కొన్ని రెండింటినీ ఒకేసారి అడిగి ముందు వచ్చిన జవాబు తీసుకుంటాయి. కాబట్టి మొదటి గడిలో వడపోత ఉన్న సర్వర్, రెండో గడిలో వడపోత లేని సర్వర్ పెడితే వడపోత ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది. ఇంట్లో ప్రకటనలు ఆపే పై-హోల్ లాంటి సొంత డీఎన్ఎస్ సర్వర్ నడుపుతూ రెండో గడిలో జాగ్రత్త కోసం 8.8.8.8 పెట్టుకున్నవాళ్లు ప్రకటనలు ఎందుకు కారుతున్నాయని తల పట్టుకునేది ఇందుకే. రెండు గడుల్లోనూ ఒకే స్వభావం గల సర్వర్లు పెట్టండి. వడపోత అక్కర్లేనివాళ్లు రెండు వేర్వేరు సంస్థలవి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఒక సంస్థ మొత్తం పడిపోయినా రెండోది ఆదుకుంటుంది.

మరో అపోహ వేగం గురించి. డీఎన్ఎస్ మార్చితే డౌన్‌లోడ్ వేగం పెరగదు. చిరునామా కనుక్కునే తొలి క్షణం తగ్గుతుంది, ఆ తర్వాత డీఎన్ఎస్‌కు సంబంధం లేదు. ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. వీడియో సంస్థలు తమను అడిగిన డీఎన్ఎస్ సర్వర్ ఎక్కడుందో చూసి, దానికి దగ్గరి వీడియో సర్వర్‌కు మిమ్మల్ని పంపుతుంటాయి. ఇంటర్నెట్ సంస్థ సొంత డీఎన్ఎస్‌తో చక్కగా నడిచిన వీడియో, బయటి డీఎన్ఎస్‌తో దూరపు సర్వర్ నుంచి వచ్చి తడబడవచ్చు. అలా అనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి మార్చేయండి.

ల్యాన్ (LAN, ఇంటి లోపలి నెట్‌వర్క్) లేదా డీహెచ్‌సీపీ పేజీలో కూడా డీఎన్ఎస్ గడులుంటాయి. నా సలహా, వాటిని ఖాళీగా వదిలేయండి. ఖాళీగా ఉంటే సాధారణంగా రౌటర్ తన చిరునామానే పరికరాలకు చెబుతుంది. అప్పుడు ఇంట్లోని ప్రింటర్ లాంటివాటి పేర్లు పనిచేస్తాయి, రేపు ఏదైనా మార్చాలంటే ఒక్కచోట మార్చితే చాలు. ఇంట్లో పై-హోల్ పెట్టినప్పుడు, లేదా రౌటర్ చేరవేత ప్రోగ్రామే పాడైందని నాలుగో అడుగులో తేలినప్పుడు మాత్రం ఈ గడులు నింపండి.

ల్యాన్ పేజీలో మార్చితే ఆ మార్పు పరికరాలకు వెంటనే చేరదు. రౌటర్ ప్రతి పరికరానికీ చిరునామాను గడువు పెట్టి ఇస్తుంది. చాలా రౌటర్లలో ఆ గడువు 24 గంటలు. పరికరం మామూలుగా సగం గడువు గడిచాకే మళ్లీ అడుగుతుంది. అంటే మీరు పొద్దున మార్చినది టీవీకి సాయంత్రానికి గానీ తెలియకపోవచ్చు. వైఫై ఆపి మళ్లీ వేయండి, టీవీ లాంటివాటిని స్విచ్ దగ్గర ఆపి మళ్లీ వేయండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్‌కు 'రిలీజ్' (/release), తర్వాత 'రెన్యూ' (/renew), చివరగా 'ఫ్లష్‌డీఎన్ఎస్' (/flushdns) జోడించి వరుసగా నడిపితే పని పూర్తవుతుంది. ఆ తర్వాత మూడో అడుగు మళ్లీ చేసి చూసుకోండి. మారిందని నమ్మడం వేరు, మారిందని చూడడం వేరు.

ఆరో అడుగు: ఐపీవీ6 అనే పెరటి తలుపు

అన్నీ మార్చారు, ఐపీకాన్ఫిగ్‌లో కొత్త సర్వర్ కనబడుతోంది, అయినా వడపోత పనిచేయడం లేదు, లేదా పాత సర్వరే బదులిస్తోంది. అప్పుడు అదే జాబితాలో డీఎన్ఎస్ సర్వర్ల వరుసను మరోసారి జాగ్రత్తగా చదవండి. రెండు చుక్కలతో విడదీసిన పొడుగాటి చిరునామా ఒకటి ఉందా?

ఇంటర్నెట్ చిరునామాలు రెండు రకాలు: 8.8.8.8 లాంటి పాతవి ఐపీవీ4, ఈ పొడుగాటివి ఐపీవీ6. రౌటర్‌లో ఐపీవీ4కు ఒక డీఎన్ఎస్, ఐపీవీ6కు మరో డీఎన్ఎస్ విడిగా ఉంటాయి. మీరు మార్చింది మొదటిదాన్నే. రెండోది ఇంటర్నెట్ సంస్థ ఇచ్చినట్టే ఉండిపోయి, రౌటర్ దాన్ని పరికరాలకు ప్రకటిస్తూనే ఉంటుంది. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు తరచూ దానికే మొగ్గు చూపుతాయి. ఆ పొడుగాటి చిరునామా ఎఫ్ఈ80 (fe80)తో మొదలైతే అది మీ రౌటరే, మంచిదే. మరోలా ఉంటే ఐపీవీ6 పేజీకి వెళ్లి అక్కడ కూడా మార్చండి. గూగుల్ చిరునామాలు 2001:4860:4860::8888, 2001:4860:4860::8844. క్లౌడ్‌ఫ్లేర్‌వి 2606:4700:4700::1111, 2606:4700:4700::1001. మధ్యలో రెండుసార్లు పడిన రెండు చుక్కల గుర్తును అలాగే రాయాలి, అక్కడున్న సున్నాలన్నిటినీ అది సూచిస్తుంది.

కొన్ని రౌటర్లలో ఈ గడి అసలు ఉండదు. ఐపీవీ6 మొత్తాన్నీ ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. నేనైతే కారణం పట్టుకోవడానికి కాసేపు ఆపి చూస్తాను కానీ, అలాగే వదిలేయను. ఆపితే చిక్కు పోయిందంటే కారణం తెలిసినట్టే, ఇక దాన్ని ఎలా సరిచేయాలన్నదే మిగిలింది.

బదులు వస్తోంది, కానీ అబద్ధం

ఇప్పటిదాకా మొదటి రెండు ప్రశ్నలు చూశాం. మూడోది కాస్త భయపెట్టేది. బ్యాంకు సైటు పేరు కొడితే కొత్త రూపంలో పేజీ రావడం, సర్టిఫికెట్ హెచ్చరికలు పదేపదే రావడం, ఏ సైటు తెరిచినా సంబంధం లేని ప్రకటనలకు దారి మళ్లడం, ఇవి కనబడితే వ్యాన్, ల్యాన్ పేజీలు రెండింటిలోనూ డీఎన్ఎస్ గడులు చూడండి. మీరు పెట్టని, మీ ఇంటర్నెట్ సంస్థది కాని చిరునామా ఉంటే ఎవరో రౌటర్‌లోకి చొరబడ్డారు.

ఇది ఊహ కాదు. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే చెడు ప్రోగ్రాం సరిగ్గా ఇదే చేసింది. కంప్యూటర్లలోనూ, పాస్‌వర్డ్ మార్చని రౌటర్లలోనూ డీఎన్ఎస్ చిరునామాలు మార్చి జనాన్ని తమ సర్వర్ల వైపు తిప్పుకుంది. అమెరికా ఎఫ్‌బీఐ 2011 నవంబరులో దాన్ని నడిపిన ముఠా ఆట కట్టించింది. అయితే ఆ దొంగ సర్వర్లను ఒక్కసారిగా ఆపితే లక్షలాది కంప్యూటర్లకు ఇంటర్నెట్ పోతుంది. అందుకని వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది.

మీ రౌటర్‌లో అలాంటిది కనబడితే గడిలో అంకెలు మార్చి ఊరుకోవద్దు, వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టి, బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపేయండి. ఈ వరుసలోనే చేయండి. రీసెట్‌కు ముందు వ్యాన్ పేజీ ఫొటో ఉందో లేదో చూసుకోండి. అనుమానాస్పదంగా ఉన్న రోజుల్లో ఎక్కడెక్కడ పాస్‌వర్డ్‌లు ఇచ్చారో వాటినీ మార్చుకోవాలి.

దారిలోనే ప్రశ్నలను మళ్లించడం మరో రకం. మీరు 8.8.8.8ను అడిగారనుకుంటారు, మధ్యలో రౌటరో ఇంటర్నెట్ సంస్థో ఆ ప్రశ్నను పట్టుకుని తన సర్వర్‌తో జవాబు చెప్పిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ఎన్ఎస్‌లుకప్ ఎగ్జాంపుల్.కామ్ 192.0.2.1 అని కొట్టండి. 192.0.2.1 ఉన్నది పుస్తకాలలో ఉదాహరణలు రాసుకోవడానికి పక్కన పెట్టిన చిరునామాల వరుసలో. అక్కడ ఏ సర్వరూ ఉండకూడదు. కాబట్టి సమయం మించిపోయిందన్న సందేశం రావాలి. బదులు వచ్చిందంటే దారిలో ఎవరో మీ ప్రశ్నలను పట్టుకుంటున్నారు. రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్, భద్రత లాంటి పేర్లతో ఉన్న సేవలు ఆపి మళ్లీ చూడండి. ఇంకా బదులు వస్తుంటే ఆ పని రౌటర్ బయట జరుగుతోంది. అప్పుడు రౌటర్‌లో ఏ అంకెలు రాసినా ప్రయోజనం ఉండదు. 853వ పోర్టులో సంకేతాలతో నడిచే డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్, లేదా మామూలు సైట్ల లాగే 443వ పోర్టులో నడిచే డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ వాడాలి. కొన్ని రౌటర్లలో ఈ సౌకర్యం ఉంటుంది, లేకపోతే ఫోనులో, బ్రౌజర్‌లో పెట్టుకోవచ్చు.

కరెంటు పోయి వచ్చాకే చెడితే

రౌటర్‌లో డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ పెట్టుకున్నవాళ్లకు ముఖ్యంగా తగిలే విచిత్రమైన చిక్కు ఇది. ఇళ్లలో వాడే రౌటర్లు చాలావాటిలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ తాను 1970లోనో, ఫర్మ్‌వేర్ తయారైన రోజులోనో ఉన్నాననుకుంటుంది. సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ చూస్తే రౌటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు, కాబట్టి చెల్లదు. డీఎన్ఎస్ రాదు. సరైన సమయం తెలుసుకోవాలంటే టైమ్ సర్వర్‌ను అడగాలి, ఆ సర్వర్‌ను రౌటర్‌లో పేరుతో రాసి ఉంచారు, పేరును చిరునామాగా మార్చాలంటే డీఎన్ఎస్ కావాలి. రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. రౌటర్‌లో సిస్టమ్ సమయం చూస్తే విషయం తేలిపోతుంది. టైమ్ సర్వర్ గడిలో పేరుకు బదులు అంకెల చిరునామా రాయండి, గూగుల్ టైమ్ సర్వర్లలో ఒకటి 216.239.35.0. డీఎన్ఎస్‌సెక్‌ను రౌటరే సరిచూసే ఏర్పాటు ఉన్నచోట కూడా ఇదే జబ్బు, ఇదే మందు.

ఇంటర్నెట్ సంస్థకు ఫోను చేయాల్సి వస్తే

నాలుగో అడుగులో వాళ్ల సర్వరే పలకడం లేదని తేలితే బయటి డీఎన్ఎస్‌తో మీ పని గడిచిపోతుంది, అయినా చెప్పడం మంచిదే. నెట్ రావడం లేదని మాత్రం చెప్పవద్దు. అలా చెబితే రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు, మీరు వేస్తారు, మాట అక్కడితో ఆగుతుంది. లైను బాగుంది, 8.8.8.8కు పింగ్ వెళ్తోంది, మీ ఫలానా డీఎన్ఎస్ సర్వర్‌ను ఎన్ఎస్‌లుకప్‌తో అడిగితే ఫలానా సమయానికి బదులు రాలేదు, అదే ప్రశ్నకు బయటి సర్వర్ బదులిచ్చింది అని చెప్పండి. మూడు పరీక్షలూ కనబడేలా తెర ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. వాళ్లు పెట్టిన పెట్టెలోనే డీఎన్ఎస్ గడులకు తాళం వేసి ఉంటే, దాన్ని లైనును మాత్రమే అందించే బ్రిడ్జ్ పద్ధతిలో పెట్టి మీ సొంత రౌటర్ వాడుకోవడానికి అనుమతిస్తారేమో కూడా అదే ఫోనులో అడిగేయండి.